బీపీ చూడకుండా రాసిన మాత్ర

శ్రావణమాసం వచ్చిందంటే ఆదోని, ఎమ్మిగనూరు మందుల షాపుల్లో ఒక మాత్రకు గిరాకీ పెరుగుతుంది. ఉరుకుంద ఈరన్న దర్శనానికో, మంత్రాలయం రాఘవేంద్రస్వామి ఆరాధనకో, ఇంట్లో వరలక్ష్మి వ్రతానికో డేట్ అడ్డం రాకూడదు. "అన్నా, డేట్ జరిపే మాత్రలియ్యి" అని నలుగురిలోనే అడిగేస్తారు. కొన్నిసార్లు భర్తే వచ్చి కొనుక్కుపోతాడు. అదే షాపులో గర్భం రాకుండా వేసుకునే మాత్ర కావాలంటే మాత్రం పద్ధతి వేరు. ఖాళీ షీటును అరచేతిలో మడిచి పట్టుకొచ్చి, పక్కనున్న మనిషి కదిలేదాకా ఆగి, గల్లాపెట్టె పక్కకు జరుపుతారు. షాపాయన కూడా పేరు పలకడు. నల్ల కవర్లో వేసి ఇస్తాడు.

నిజానికి ఆ రెండు మాత్రలూ దగ్గర చుట్టాలు. డేట్ జరిపేదాంట్లో ఉండేది నోరెథిస్టిరాన్ అనే హార్మోన్. 5 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు మూడుసార్లు, డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి వేసుకుంటారు. అంటే రోజుకు 15 మిల్లీగ్రాములు. ఇదే హార్మోన్‌ను కొన్ని దేశాల్లో పాలిచ్చే తల్లులకు గర్భనిరోధక మాత్రగా ఇస్తారు. అందులో ఉండేది 0.35 మిల్లీగ్రాములు మాత్రమే. పండగ మాత్ర డోసు దానికి నలభై రెట్లు పైమాట. అయినా అది గర్భాన్ని ఆపుతుందని నమ్ముకుంటే మోసపోతారు, ఎందుకంటే దాన్ని మొదలుపెట్టే సమయానికి ఆ నెల అండం విడుదలై పది రోజులు దాటి ఉంటుంది. పైగా నోరెథిస్టిరాన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. కాలి సిరల్లో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిన మనిషి దీన్ని ముట్టుకోకూడదు. ఇది షాపులో ఎవరూ అడగరు. సరే, షాపు కదా అనుకుందాం. క్లినిక్కులో అడగకపోతే?

మా చుట్టాల్లో ఒకమ్మాయిది కోసిగి వైపు అత్తగారిల్లు. రెండో బిడ్డకు నాలుగో నెల నడుస్తుండగా పట్నంలో ఒక క్లినిక్కుకు వెళ్లింది. ఇంకో రెండేళ్లు గర్భం రాకుండా ఏదైనా చెప్పమని ఆమె కోరిక. "ఇద్దరయినారు గదమ్మా, ఇంకేంటికి? ఆపరేషన్ చేయించుకోరాదా" అన్నారట ముందు. ఇప్పుడే వద్దు మేడమ్ అంటే, "మీ ఆయన రాలేదా?" అని రెండో ప్రశ్న. మూడో ప్రశ్న లేదు. చీటీ మీద ఒక మాత్ర పేరు, పక్కన రాత్రిపూట ఒకటి అని గుర్తు, కింద సంతకం. చేతికి బీపీ పట్టీ చుట్టలేదు. బిడ్డకు పాలిస్తున్నావా అని అడగలేదు. కొన్నాళ్లకు తలనొప్పి, మధ్యమధ్య మరకలు, పాలు తగ్గాయేమోనని అనుమానం. మళ్లీ ఫీజు కట్టి లోపలికి వెళ్తే "ఏం కాదులే, అలవాటైతుంది" అన్నారు. షీటు బీరువా మీదికెక్కింది. నాకు ఫోన్ చేసి, "వదినా, నా మాట ఇనేకి ఆ డాక్టరమ్మకు టైమ్ లేదు. మరి ఆమె రాసిన మాత్ర మింగేకి నాకు ధైర్యం యాడ్నుంచి వస్తాది?" అని అడిగింది.

న్యాయమైన ప్రశ్న. అంతకుమించి, శాస్త్రీయమైన ప్రశ్న. ఆమెకు వచ్చిన కోపాన్ని చదువులేని ఆడమనిషి మొండితనంగా కొట్టేయడానికి వీల్లేదు. ఆ చీటీలో ఏం తప్పిందో చూడాలంటే ముందు ఆ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో తెలియాలి.

ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే, అదే రకం మాలా-ఎన్ షీటునే తీసుకోండి. 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి, 7 గోధుమరంగువి. తెల్ల మాత్రలో లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు. మొదటిది ప్రొజెస్టిరాన్‌కు, రెండోది ఈస్ట్రోజెన్‌కు కృత్రిమ రూపాలు. మెదడు అడుగున బఠాణీగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంది. అండాన్ని పెంచమని, విడుదల చేయమని అండాశయానికి సంకేతాలు పంపేది అదే. రక్తంలో ఈ హార్మోన్లు చాలినన్ని ఉన్నాయని తెలిస్తే, మిద్దె మీది తొట్టి నిండగానే మోటారు ఆపేసినట్టు, అది సంకేతాలు ఆపేస్తుంది. తెల్ల మాత్ర రోజూ చేసే పని తొట్టి నిండుగా ఉందని దాన్ని నమ్మించడం. సంకేతం లేదు కాబట్టి అండం పండదు, విడుదల కాదు. ఇది కాక గర్భాశయ ముఖద్వారం దగ్గరుండే జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు.

గోధుమరంగు మాత్రల్లో హార్మోన్ ఏమీ లేదు. అది ఐరన్. హార్మోన్ ఆగడంతో గర్భసంచి లోపలి పొర ఊడి, ఆ వారంలో బ్లీడింగ్ అవుతుంది. చాలామంది దీన్ని ముట్టే అనుకుంటారు. కాదు. అండమే విడుదల కానప్పుడు మామూలు నెలసరి ఎక్కడిది? నెలనెలా రక్తం కనిపిస్తే ఆడవాళ్లకు భరోసాగా ఉంటుందని ఈ మాత్ర తయారుచేసినవాళ్లే ఆ విరామాన్ని పెట్టారు. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం ఒకటుంది. బ్లీడింగ్ తక్కువైతే "చెడ్డ రక్తం లోపలే నిలిచిపోయింది" అని భయపడి మాత్ర మానేస్తారు. మాత్ర వేసుకున్నప్పుడు ఊడడానికి పొరే పలచగా ఉంటుంది. నిలిచిపోయేది ఏదీ లేదు.

ఇక ఆ చీటీ సంగతి. ఏ గర్భనిరోధక సాధనం ఎవరికి పనికొస్తుందో చెప్పే పట్టిక ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మొదటిసారి వేసింది. అప్పట్నుంచి సవరిస్తూ వస్తోంది. మన ప్రభుత్వ మార్గదర్శకాలకూ అదే ఆధారం. స్త్రీ పరిస్థితిని బట్టి ఒక్కో సాధనానికి 1 నుంచి 4 దాకా అంకె వేస్తారు. 1 అంటే నిశ్చింతగా వాడొచ్చు, 4 అంటే వాడనే కూడదు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర విషయంలో పాలిచ్చే తల్లికి కాన్పయిన ఆరు వారాల దాకా అంకె 4. ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా 3, అంటే వేరే దారి ఉంటే ఇది వద్దు అని. ఈస్ట్రోజెన్ పాలు తగ్గించవచ్చు. ఆ కోసిగి అమ్మాయి బిడ్డకు నాలుగో నెల. "పాలిస్తున్నావా?" అన్న రెండు సెకన్ల ప్రశ్న అడిగి ఉంటే ఆ మాత్ర చీటీ మీదికి వచ్చేదే కాదు.

బీపీ సంగతీ అంతే. పై అంకె 160 గానీ, కింది అంకె 100 గానీ చేరితే ఈ మాత్రకు 4. 140కి 90 నుంచి ఆ మధ్యలో ఉంటే 3. తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే రకం మైగ్రేన్ ఉంటే వయసుతో పనిలేకుండా 4, ఎందుకంటే అలాంటివాళ్లకు ఈస్ట్రోజెన్ తోడైతే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కాబట్టి మాత్ర వేసుకున్నాక తలనొప్పి వస్తోందని ఒకామె తిరిగి వచ్చిందంటే డాక్టరు చెవులు రిక్కించాల్సిన క్షణం అదే. అది చాలావరకు మామూలు తలనొప్పే అయి ఉంటుంది, మూడు నెలల్లో సర్దుకునేదే అయి ఉంటుంది. మధ్యలో పడే మరకలు కూడా ఎక్కువమందికి మొదటి మూడు నెలల్లోనే తగ్గిపోతాయి. "అలవాటైతుంది" అన్న జవాబు అలా చూస్తే తప్పు కాదు. ఏ తలనొప్పో కనుక్కోకుండా ఆ మాట అనడమే తప్పు.

రెండో వైపు అతి కూడా ఉంది. మాత్ర మొదలుపెట్టడానికి స్కానింగ్ అక్కర్లేదు, రక్త పరీక్షల పట్టీ అక్కర్లేదు, లోపలి పరీక్షా అక్కర్లేదు. బీపీ, నాలుగు ప్రశ్నలు చాలు. భర్త సంతకం దేనికీ అక్కర్లేదు. మాత్రకే కాదు, మన దేశ నిబంధనల ప్రకారం కు.ని. ఆపరేషన్‌కు కూడా భార్యాభర్తల్లో ఒకరి సమ్మతి ఇంకొకరికి తప్పనిసరి కాదు. "మీ ఆయన రాలేదా" అన్నది వైద్యం అడిగిన ప్రశ్న కాదు. అయినా అడుగుతారు, స్కానింగూ రాస్తారు. చూడాల్సిన బీపీ ఉండిపోతుంది.

డాక్టర్ల వైపు నుంచి చెప్పాల్సింది చెప్పాలి. 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం వివిధ దేశాల్లో ప్రాథమిక వైద్యులు రోగికి ఎంతసేపు కేటాయిస్తున్నారో లెక్కగట్టింది. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాలు దాటి. మన దేశం సుమారు రెండు నిమిషాల దగ్గర ఉంది. సోమవారం పొద్దున ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఏ ఓపీ ముందు నిలబడ్డా ఆ రెండు నిమిషాలు కూడా ఎక్కువేననిపిస్తుంది. కానీ బీపీ చూడ్డానికి డాక్టరే కావాలా? తలుపు బయట కూర్చున్న సిస్టరమ్మ చూసి చీటీ మీద రాసి పంపొచ్చు. గర్భిణులకు ప్రతి నెలా చూస్తున్నదే కదా.

మాత్ర గురించి ఆడవాళ్లు చెప్పిన బాధను కొట్టిపారేయడం ఈ మాత్రంత పాతది. 1956లో పోర్టోరికోలో మొదటి పెద్ద పరీక్ష జరిగినప్పుడు అక్కడ బాధ్యత చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే ఒక స్త్రీ. వేసుకున్నవాళ్లలో 17 శాతం మందికి వికారం, తలతిరుగుడు, తలనొప్పి, వాంతులు వస్తున్నాయని, ఈ మాత్ర అందరికీ నప్పేలా లేదని ఆమె రాసి పంపారు. మాత్రను రూపొందించిన గ్రెగరీ పింకస్, జాన్ రాక్ అందులో చాలావరకు మనసు కల్పించుకున్న బాధలేనని పక్కనబెట్టారు. ఆ మాత్ర, ఎనోవిడ్, 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రగా అనుమతి పొందింది. అందులో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. ఈనాటి మాలా-ఎన్‌లో 30. ఈస్ట్రోజెన్ రకాలు వేరైనా, ఐదో వంతుకు దిగిన డోసు చూస్తే అప్పటి ఆడవాళ్లు కల్పించుకున్నది ఏమీ లేదని తెలుస్తుంది.

డోసు తగ్గింది ఒక్కసారిగా కాదు. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టి చనిపోయినవాళ్ల కేసులు అరవైలలో బయటికొచ్చాయి. 1969లో బార్బరా సీమన్ అనే జర్నలిస్టు మాత్ర మీద డాక్టర్లు చెప్పని సంగతులతో పుస్తకం వేసింది. దాని దెబ్బకు 1970 జనవరిలో అమెరికా సెనేటర్ గేలార్డ్ నెల్సన్ విచారణ పెట్టాడు. సాక్షులంతా డాక్టర్లు, శాస్త్రవేత్తలు. మాత్ర మింగిన స్త్రీని ఒక్కర్నీ పిలవలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్, ఆమె స్నేహితులు ప్రేక్షకుల్లోంచి లేచి నిలదీశారు. టీవీ కెమెరాలు అటు తిరిగాయి. ఆ ఏడాదే ప్రతి మాత్రల పెట్టెలో దుష్ఫలితాల కాగితం పెట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. అప్పటిదాకా అలాంటి సమాచారం డాక్టరుకే పరిమితం. ఈ రోజు మాత్రల డబ్బా విప్పితే మడతలు మడతలుగా ఊడిపడే ఆ సన్నటి కాగితం వెనుక ఇంత గొడవ ఉంది. మన దగ్గర అది ఇంగ్లిషులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుందనుకోండి.

మన తెలుగునాట కూడా ఇలాంటి గొడవ ఒకటి జరిగింది. పండగ మాత్రలో ఉండే నోరెథిస్టిరాన్‌ను నూనెలో కలిపి రెండు నెలలకోసారి ఇంజెక్షన్‌గా ఇచ్చే నెట్-ఎన్ మీద అప్పట్లో భారత వైద్య పరిశోధన మండలి పరీక్షలు జరిపించింది. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూదులు వేయించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకు అదొక ప్రయోగమని తెలియదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లి ఈ విషయం బయటపెట్టారు. 1986లో ఢిల్లీకి చెందిన సహేలి వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. కేసు 2000 దాకా సాగింది. సామూహికంగా కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఆ ఇంజెక్షన్ తగదని, విడమర్చి చెప్పి, తర్వాత కనిపెట్టి చూసుకునే వీలున్నచోటే వాడాలని ప్రభుత్వం ఒప్పుకోవడంతో ముగిసింది. అక్కడ తేలిన అసలు సంగతి మందు మంచిదా చెడ్డదా అన్నది కాదు. మందు గురించి చెప్పి ఇచ్చారా లేదా అన్నది. స్త్రీశక్తి సంఘటన వాళ్లే 1991లో 'సవాలక్ష సందేహాలు' అనే ఆరోగ్య పుస్తకం తెచ్చారు. డాక్టరు గదిలో అడగలేక మింగేసిన ప్రశ్నలకు తెలుగులో జవాబులు రాసిన పుస్తకం అది.

"ఆపరేషన్ చేయించుకోరాదా" అన్న మొదటి మాట వెనుక కూడా చరిత్ర ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తమ్మీద ఇది 38 శాతం. మన రాష్ట్రంలో మాత్రలు, కాపర్-టి, కండోమ్ తలా ఒక శాతం కూడా లేవు. వేసెక్టమీ అర శాతం కూడా లేదు, పొట్ట కోయకుండా, మత్తు సూది వేసి కొద్ది నిమిషాల్లో అయిపోయే పనైనా సరే. ఆపరేషన్ అయినవాళ్లలో సగానికి పైగా పాతికేళ్లు నిండకముందే ఆ బల్ల ఎక్కారు. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవైకొకరు, ఇరవై రెండుకొకరు, ఆ కాన్పుతోనే ఆపరేషన్. ఈ వరసలో రెండేళ్ల ఎడం కావాలనే మనిషికి చోటెక్కడుంది? ఆపరేషన్ల టార్గెట్లను కేంద్రం 1996లోనే ఎత్తేసింది. కానీ మాటల్లో అలవాటు పోలేదు.

దశాబ్దాలపాటు ఆపరేషన్ తప్ప ఇంకొకటి అడిగేవాళ్లు రాకపోతే డాక్టర్లకైనా, ఏఎన్‌ఎంలకైనా మిగతావాటిలో చేయి తిరగదు. మాత్ర రాయడం సులువే. దాన్ని ఎంచడం, మార్చడం, ఇబ్బంది వస్తే పక్కనుండి దాటించడం ప్రాక్టీసు మీద వచ్చే విద్య. ఆపరేషన్ ఎంత మామూలైనా ఆపరేషనే. 2022 ఆగస్టు 25న తెలంగాణలో ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి ల్యాప్రోస్కోపీ చేశారు. ఇన్‌ఫెక్షన్ సోకి నలుగురు చనిపోయారు. పిల్లలు చాలనుకున్నవాళ్లకు అది మంచి పద్ధతే, కాదనను. రెండేళ్ల ఎడం అడిగిన మనిషికి దాన్ని జవాబుగా ఇవ్వడం మాత్రం దాహమన్నవాళ్ల మాట వినకుండా అన్నం వడ్డించడమే. ఇద్దరు చాలని చెప్పీ చెప్పీ అలసిన రాష్ట్రమే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఎప్పుడు కనాలో, ఎప్పుడు ఆపాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.

మాత్ర ప్రమాదకరమా అని నన్ను అడిగేవాళ్లందరికీ ఒక లెక్క చెబుతుంటాను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో ఇచ్చింది. పదివేల మంది స్త్రీలను ఏడాదిపాటు చూస్తే, మాత్ర వేసుకోనివాళ్లలో ఒకరి నుంచి ఐదుగురికి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఇలాంటి మాత్ర వేసుకునేవాళ్లలో 3 నుంచి 9 మందికి. గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి. కాన్పయిన మొదటి 12 వారాల్లో ఆ ముప్పు 40–65 మంది స్థాయికి ఎగబాకుతుంది. అంటే మాత్ర వల్ల ముప్పు పెరిగేది నిజమే, అయితే అనుకోని గర్భం దానికంటే పెద్ద ముప్పు. పచ్చి బాలింతకు ఈస్ట్రోజెన్ ఎందుకు ఇవ్వరాదో కూడా ఈ ఆఖరి అంకెలోనే ఉంది.

మా వైపు మాత్రల మీద రెండు ఫిర్యాదులు తరచుగా వింటాను. ఒకటి, "వేడి చేస్తాయి". డాక్టర్లు దీనికి నవ్వేస్తారు. ఎక్కడ, ఎప్పట్నుంచి అని అడిగితే కడుపులో మంట, మూత్రంలో మంట, తెల్లబట్ట, మధ్యలో మరకలు, వీటిలో ఏదో ఒకటి బయటికొస్తుంది. ప్రతిదానికీ వేరే వైద్యం ఉంది. రెండోది ముఖం మీద మంగు. ఇది నూటికి నూరుపాళ్లూ నిజం. ఈస్ట్రోజెన్ చర్మంలో రంగు పుట్టించే కణాలను ఉసిగొల్పుతుంది, ఎండ దానికి తోడవుతుంది. పత్తిచేలో పొద్దంతా వంగి దూది తీసే మనిషికి "ఎండలో తిరగొద్దు" అనే సలహా పనికిరాదు. ఈస్ట్రోజెన్ లేని పద్ధతికి మార్చడమే దారి.

ఆ పద్ధతులు మన దగ్గర లేకపోలేదు. 'ఛాయ' అనే మాత్ర మనవాళ్లు కనిపెట్టిందే. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో డాక్టర్ నిత్యానంద్ బృందం తయారుచేసిన సెంట్‌క్రోమన్ 1991లో 'సహేలి' పేరుతో బజారుకొచ్చింది. 2016లో జాతీయ కార్యక్రమంలో చేరింది. ఇందులో ఈస్ట్రోజెన్ లేదు, ప్రొజెస్టిరానూ లేదు. ముట్టు మొదటి రోజున మొదలుపెట్టి మూడు నెలలపాటు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒక్కటే. పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే గర్భమేమోనని హడలిపోయి మానేస్తారు. కాపర్-టి ఉంది. కాన్పయి ఆరు వారాలు దాటితే మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజెక్షన్ ఉంది. ఆ కోసిగి అమ్మాయికి ఈ మూడింటిలో ఏదైనా నప్పేది.

పెళ్లికాని ఆడపిల్లల చీటీల కథ వేరు. పీసీఓడీ అని, నెలసరి సరిగా రావడం లేదని, మొటిమలని ఇవే హార్మోన్ మాత్రలు రాస్తారు. వైద్యం సరైనదే. అదేమిటో చెప్పరు. షాపులో ఎవరో "ఇవి పిల్లలు పుట్టకుండా వేసేవమ్మా" అంటే తల్లి ముఖం చూడాలి. కాలేజీ పిల్ల మీద ఇంట్లో విచారణ మొదలవుతుంది. మాత్రలు చెత్తబుట్టలోకి పోతాయి. చీటీ రాస్తూ తల్లీకూతుళ్లిద్దరికీ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

ఇంకో ప్రశ్న ఉంది, అడగనందుకు నేరుగా కడుపు వచ్చేది. టీబీ మందులు వాడుతున్నావా? టీబీ చికిత్సలో ఆరు నెలలూ ఉండే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొడుతుంది. అవి గర్భనిరోధక మాత్రలోని హార్మోన్లను వేగంగా విరగ్గొట్టి బయటికి పంపేస్తాయి. రోజూ తప్పకుండా మింగినా పిట్యూటరీకి చేరాల్సినంత చేరదు. రిఫాంపిసిన్ ఆపాక కూడా నాలుగు వారాల దాకా ఆ ప్రభావం పోదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపీన్ కూడా ఇదే పని చేస్తాయి. టీబీ మందులు ఒక కిటికీ దగ్గర, మాత్రలు ఇంకో కిటికీ దగ్గర ఇస్తారు. ఒక చీటీ ఇంకో చీటీని చూసుకోదు. అలాంటివాళ్లకు కాపర్-టి, అంతర ఇంజెక్షన్ నప్పుతాయి. వాటి మీద రిఫాంపిసిన్ ప్రభావం పడదు.

ఆఖరుకు సుగ్గి, అంటే కూలి పనులకు వలస. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి పంటలు అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతకు, పత్తితీతకు వెళ్లిపోతాయి. ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి, బియ్యం, సామాన్లు, పిల్లలతో సహా లారీ ఎక్కుతారు. గుడారంలో నెలలు గడిపే మనిషికి రాత్రి తొమ్మిదికి మాత్ర అని రాసివ్వడం కాగితం మీద మాత్రమే బాగుంటుంది. ఎక్కడా తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో వెయ్యిమందిలో ముగ్గురికి మాత్రమే గర్భం వస్తుంది. మామూలు మనుషులు మామూలుగా వేసుకుంటే నూటికి ఏడుగురికి. ఈ రెండు లెక్కల మధ్య తేడా చాలావరకు తప్పిపోయిన మాత్రలే.

కాబట్టి చీటీ మీద ఉండాల్సిన మాటలు ఇవి. ఒక తెల్ల మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. ఆ రోజుది కూడా దాని వేళకు వేసుకోవాలి, ఒకే రోజు రెండైనా ఫర్వాలేదు. రెండు రోజులో అంతకంటే ఎక్కువో తప్పితే వెంటనే ఒకటి వేసుకుని షీటు కొనసాగించాలి, వరుసగా ఏడు మాత్రలు పూర్తయ్యేదాకా కండోమ్ వాడాలి. తప్పింది షీటు మూడో వారంలో అయితే గోధుమరంగు మాత్రలు వదిలేసి, తెల్లవి అయిపోయిన మర్నాడే కొత్త షీటు మొదలుపెట్టాలి. హార్మోన్ లేని ఆ ఏడు రోజుల విరామం ముందుకో వెనక్కో సాగితేనే పిట్యూటరీ మేలుకుంటుంది, కాబట్టి షీటు మొదట్లో, చివర్లో తప్పే మాత్రలే ఎక్కువ ప్రమాదం. గోధుమరంగువి ఎన్ని పోయినా గర్భం విషయంలో భయం లేదు, కాకపోతే మా వైపు ఆడవాళ్లకు ఉండే రక్తహీనతకు ఆ ఐరన్ మంచిదే. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

సుగ్గికి పోయేవాళ్లలో అంతర ఇంజెక్షన్ నప్పేవాళ్లు చాలామంది ఉంటారని నా లెక్క. మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాముల మెడ్రాక్సిప్రొజెస్టిరాన్. రోజూ గుర్తుపెట్టుకునే పని లేదు, అత్తకో ఆడపడుచుకో షీటు కనిపించే భయమూ లేదు. కానీ దీని సంగతులు ముందే చెప్పి తీరాలి. మొదట్లో మరకలు ఎప్పుడు పడతాయో చెప్పలేం. ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి నెలసరి ఆగిపోతుంది, అది జబ్బు కాదు. కొందరు కాస్త బరువు పెరుగుతారు. ఎముకల సాంద్రత కొంత తగ్గి, మానేశాక మళ్లీ పుంజుకుంటుంది. మానేసిన వెంటనే కడుపు రావాలనుకుంటే రాదు, ఆఖరి ఇంజెక్షన్ నుంచి సగటున పది నెలలు పట్టొచ్చు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు తర్వాతి తేదీ వేసి ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డును రేషన్ కార్డుతోపాటు మూటలో పెట్టుకుని వెళ్లాలి. ఆ తేదీకి గుంటూరు జిల్లాలో ఉంటే అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే చాలు. తేదీకి రెండు వారాల ముందైనా వేయించుకోవచ్చు, తేదీ దాటాక నాలుగు వారాల దాకా గడువుంటుంది.